తుడవడం వేరు, చెరపడం వేరు

పశ్చిమ మాంబలంలో మా పెదనాన్నగారి ఇంటి పక్క సందులో, రేకుల షెడ్డు కింద ఒక స్టాండర్డ్ హెరాల్డు కారు ఉంది. ఆయన పోయి ఆరేళ్లయింది. కారు మాత్రం టార్పాలిన్ కప్పుకొని అక్కడే నిలిచిపోయింది. రంగు లేత నీలం. ఇప్పుడు చూసినవారు నీలమని చెప్పలేరు. బానెట్టంతా సున్నం పూసినట్టు తెల్లబారింది. ఎడమ తలుపు కింది అంచున తుప్పు. వెనక సీటు రెక్సిను చిరిగిన చోట పెద్దమ్మ లావుపాటి దారంతో వేసిన కుట్లు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

ఈమధ్య ఆ ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కట్టించే మాట వచ్చింది. దానితోపాటే కారును ఏం చేయాలన్న ప్రశ్నా వచ్చింది. పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, "రంగంతా గీకించి, టింకరింగు చేయించి, కొత్త పెయింటు కొట్టిస్తానురా. నాన్న కొన్న రోజున ఎలా ఉందో అలా మెరిసిపోవాలి" అన్నాడు. ఒక షెడ్డుకు పోయి ఎస్టిమేటు కూడా వేయించుకొచ్చాడు. తండ్రి మీది ప్రేమతో అన్న మాటే. అయినా నాకు మనసొప్పలేదు. ఎందుకొప్పలేదని అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే మన పట్నపు మోటారు చరిత్రలోకి పోవలసివచ్చింది. ఆ సంగతులు పాఠకులతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ఇవాళ చెన్నై అనగానే శ్రీపెరుంబుదూరు, ఒరగడం కార్ల ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. కాని మద్రాసుకూ బండ్ల తయారీకీ ఉన్న సంబంధం గుర్రబ్బగ్గీల నాటిది. 1840లో మొదలైన సింప్సన్ కంపెనీ తొలిరోజుల్లో జీనులు, బగ్గీలు తయారుచేసేది. ఆ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరితో నడిచే కారు ఒకటి కట్టి మద్రాసు వీధుల్లో తిప్పాడు. ఆ తర్వాత సింప్సన్ వారు కట్టిన ఆవిరి బస్సు బెజవాడకూ మచిలీపట్నానికీ మధ్య నడిచింది. అంటే కృష్ణాజిల్లా రోడ్డుకూ మద్రాసు వర్కుషాపుకూ నూరేళ్లు దాటిన చుట్టరికం ఉందన్నమాట.

ఇక కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడుగారి పేరు వినని వారు మనలో తక్కువ. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, యునైటెడ్ మోటార్ సర్వీసుగా పెంచిన మనిషి ఆయన. యంత్రాన్ని విప్పి చూడనిదే నిద్రపోని స్వభావం. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న కారు కట్టారు, రెండువేల రూపాయలకే ఇవ్వవచ్చునన్నారు, కాని ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. 1974లో ఆయన పోయారు. ఆయన కుటుంబం వారు 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో కార్ల మ్యూజియం తెరిచారు. అటు పోయినప్పుడు పిల్లలను తీసుకుపోయి చూపించదగిన చోటు.

మా పెదనాన్నగారి కారు కథ 1948లో మొదలవుతుంది. ఆ ఏడు ఇంగ్లండులోని స్టాండర్డ్ కంపెనీ, మద్రాసులోని యూనియన్ కంపెనీ కలిసి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే సంస్థను పెట్టాయి. ఫ్యాక్టరీ తాంబరం దాటాక, వండలూరు దగ్గర, పెరుంగళత్తూరులో. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల తర్వాత, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే విదేశీ కంపెనీలు సర్దుకుపోవలసివచ్చింది. ఇక్కడే తయారుచేస్తామన్నవి నిలిచాయి. అలా ఆ తరానికి మూడే కార్లు మిగిలాయి. కలకత్తా వైపు నుండి అంబాసిడరు, బొంబాయి నుండి ఫియట్టు, మద్రాసు నుండి స్టాండర్డు. మొదట వాన్‌గార్డు, తర్వాత ఎయిట్, టెన్, పెన్నెంటు, 1961 నుండి హెరాల్డు.

ఈ హెరాల్డు పుట్టుక విచిత్రమైనది. ఇంగ్లండులో దీన్ని 1959లో విడుదల చేశారు. రూపం గీసినవాడు మిచెలొట్టి అనే ఇటలీవాడు. అప్పటికి మిగతా కార్లన్నీ చాసీ, బాడీ ఒకటిగా కలిసిపోయిన పద్ధతికి మారుతున్నాయి. స్టాండర్డు వారికి మాత్రం ఆ వీలు లేకపోయింది. వారికి బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీదారులు కొనేశారు. దాంతో బాడీని ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, విడి చాసీ మీద బోల్టులతో బిగించే కారును తయారుచేశారు. అవసరం కొద్దీ చేసిన ఆ ఏర్పాటు మన దేశానికి చక్కగా అతికింది. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్టు మొత్తం ముందుకు వాలుతుంది. మెకానిక్కు నేలమీద నిలబడి ఇంజను చుట్టూ తిరిగి పని చేసుకోవచ్చు. దెబ్బ తగిలిన ముక్కను విప్పేసి, పుదుప్పేటలో దొరికిన మరో ముక్క బిగించుకోవచ్చు. ఇరవై అయిదు అడుగుల జాగాలో కారు గిర్రున తిరుగుతుంది. మాంబలం సందులకు ఇంతకంటే కావలసినదేముంది!

ఇంజను 948 సీసీ. తలుపులు రెండే. ముందు సీటు మడిస్తేగాని వెనక్కి పోవడానికి లేదు. తొమ్మిది గజాల చీర కట్టే మా నాయనమ్మకు ఆ కారెక్కడం పెద్ద పరీక్ష. మన కుటుంబాల తీరు కంపెనీకి తెలియకపోలేదు. 1968లో నాలుగు తలుపుల హెరాల్డు తెచ్చారు. 1972లో దాన్నే కొంత మార్చి గజెల్ అన్నారు. 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారు వేశారు. అది నిలవలేదు. ఆ దశకం ముగిసేలోపే ఫ్యాక్టరీ మూతపడింది. మద్రాసులో పుట్టి, మద్రాసు పేరు మోసిన కారు అలా చరిత్రలో కలిసిపోయింది.

ఇప్పుడు మా షెడ్డుకు వద్దాం. అన్నయ్యను ఒప్పించి, పెయింటు పని మొదలయ్యేలోపు ఒక ముసలి మేస్త్రీని పిలిపించాను. కుర్రతనంలో హెరాల్డుల మీద పని నేర్చుకున్న మనిషి. అరవం మాట్లాడతాడు, మనతో ఉన్నప్పుడు తెలుగు కలుపుతాడు. ఆయన కారు చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, ఒక పూటంతా గడిపాడు. నేను కాగితం మీద రాసుకుంటూ పోయాను.

బానెట్టు లోపల, ఎండ తగలని చోట, రంగు ఇంకా అసలు నీలమే. ఫ్యాక్టరీలో వేసిన రంగు అది. కుడి తలుపు లోపలి అంచున మాత్రం నీలం కింద నలుపు కనిపించింది. "ఇది ఈ బండి తలుపు కాదు సార్, మరో నల్ల హెరాల్డుది" అన్నాడు మేస్త్రీ. ఎప్పుడో జరిగిన ప్రమాదానికి సాక్ష్యం. గేరు రాడ్డు కింద ఉన్న ఇత్తడి బుష్షు కంపెనీది కాదు, ఎవరో లేతు మీద తిప్పి వేసినది. "పనితనం చూడండి" అని దాన్ని బొటనవేలితో రుద్ది చూపించాడు. విడిభాగాలు దొరకని రోజుల్లో ఈ పట్నంలో లేతు పనివాళ్లు బండ్లను ఎలా నిలబెట్టారో ఆ బుష్షు చెబుతుంది. తలుపు లోపలి అట్ట మీద, ఒక జాన ఎత్తున, గోధుమరంగు గీత. 2015 డిసెంబరు వరద నీళ్లు అక్కడిదాకా వచ్చి ఆగాయి. ఆ రాత్రి పెదనాన్నగారు పక్కింటివారి సాయంతో చక్రాల కింద ఇటుకలు పెట్టించారు గనక ఇంజను దక్కింది.

డాష్‌బోర్డు అరలో ఒక పాకెట్ డైరీ దొరికింది. పెట్రోలు ఎన్ని లీటర్లు, మీటరు ఎంత, ఆయిలు ఎప్పుడు మార్చారు, అన్నీ తెలుగు అంకెలతో. మధ్యలో "తిరుపతి, రేణిగుంట దగ్గర పంక్చరు", "నెల్లూరు పెళ్లి, రేడియేటరు కాగింది". ఆయన మాకు రాసిన ఉత్తరాలేవీ మిగల్లేదు. చేతిరాతగా మిగిలింది ఇదొక్కటే.

అప్పుడు నాకు జవాబు దొరికింది. పెయింటు గీకిస్తే నల్ల తలుపు కథ పోతుంది. కొత్త అట్టలు వేయిస్తే వరద గీత పోతుంది. సీటు మార్పిస్తే పెద్దమ్మ కుట్లు పోతాయి. పోయి వచ్చేది ఏమిటి? ఒక మెరిసే కారు. అటువంటివి డబ్బుంటే ఎన్నయినా చేయించవచ్చు. అసలు రంగు ఏది, ఏ బోల్టు ఎక్కడ బిగించారు, రెక్సిను ఏ నేత అని అడుగుదామంటే పెరుంగళత్తూరులో ఆ ఫ్యాక్టరీ లేదు. చేయి పడని కారే మనకు మిగిలిన దస్తావేజు.

ఈ ఆలోచన మా ఒక్కరిదే కాదు. ఒకప్పుడు లోకమంతా పాత కారంటే కొత్తదానికంటే ఎక్కువగా మెరిపించాలనే పట్టుదల ఉండేది. కొన్ని దశాబ్దాలుగా ఆ గాలి మారుతూ వచ్చింది. పునరుద్ధరణ జరగని కార్లకు ప్రదర్శనల్లో వేరే విభాగాలు ఏర్పడ్డాయి. ఒక ఉదాహరణ చెబుతాను. స్విట్జర్లండు, ఇటలీ సరిహద్దులోని మజ్జొరే సరస్సులో 1930ల నుండి మునిగి ఉన్న 1925 నాటి బుగాటి కారును 2009లో గజ ఈతగాళ్లు పైకి తీశారు. ఒక పక్క పూర్తిగా తినేసి ఉంది. 2010 జనవరిలో పారిస్ వేలంలో అది 2,60,500 యూరోలకు పోయింది. కొన్న ఆసామి దాన్ని కొత్తగా చేయించలేదు. సరస్సు చేసినదాన్ని చేసినట్టే ఉంచి కాలిఫోర్నియాలోని తన మ్యూజియంలో పెట్టాడు.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా, 1966లో ఏర్పడింది. అది ట్యూరిన్ చార్టరు అనే ఒక ఒప్పుదల పత్రం 2013లో తెచ్చింది. పురాతన కట్టడాల కోసం 1964లో వెనిస్‌లో రాసుకున్న సూత్రాలనే బండ్లకు వర్తింపజేసింది. సారాంశం ఏమంటే, ముందు కాపాడండి, తప్పనిసరయితేనే మార్చండి, మార్చినది మార్చినట్టు తెలిసేలా రాసిపెట్టండి. మన ప్రభుత్వం కూడా 2021 జులైలో వింటేజి వాహనాలకు నిబంధనలు చేసింది. తొలి రిజిస్ట్రేషనయి యాభై ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, చాసీ, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్టరు చేస్తే నంబరులో వి.ఎ. అన్న అక్షరాలు వస్తాయి, రుసుము ఇరవైవేలు. ఇదివరకే నంబరున్న బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. రోజువారీ తిరుగుళ్లకు మాత్రం వీల్లేదు. చట్టం కూడా మెరుపు అడగలేదు, అసలు రూపాన్నే అడిగింది.

మనకు ఇది కొత్త సంగతి కూడా కాదు. ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ, బ్రౌన్ దొరల కాలం నుండి చేరిన తెలుగు తాళపత్రాలున్నాయి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం కాలం గడిచేకొద్దీ కనిపించకుండా పోతుంది. అప్పుడు ఏం చేస్తారు? దీపపు మసి నూనెలో కలిపి ఆకు మీద రాసి తుడుస్తారు. మసి గీతల్లో నిలుస్తుంది, అక్షరం మళ్లీ లేచి కనిపిస్తుంది. నిమ్మగడ్డి నూనె పూస్తే ఆకు మెత్తబడుతుంది, పురుగు పట్టదు. ఎవరూ అక్షరాన్ని మళ్లీ చెక్కరు. ఇంకోవైపు చూడండి. ఈ రాష్ట్రంలో కుంభాభిషేకాల పేర గుడిగోడలను ఇసుక ధారతో తోమించిన సంగతి తెలిసినదే. గోడలు తెల్లగా వచ్చాయి, శాసనాల అక్షరాలు అరిగిపోయాయి. భక్తి లేక చేసిన పని కాదది. మా అన్నయ్యకు కారు మీద ప్రేమ లేకనా?

అయితే కాపాడడమంటే వదిలేయడం కాదు. ఈ మాట అన్నయ్యే అన్నాడు, న్యాయమైన మాట. "తుప్పు కూడా చరిత్రేనంటే పదేళ్లలో చరిత్రే మిగులుతుంది, కారు మిగలదు" అన్నాడు. సముద్రపు ఉప్పుగాలి, కార్తీకపు ముసురు ఉన్న ఊళ్లో ఇనుము తనంతట తాను నిలవదు. కనుక ఏది తుడవాలి, ఏది ఆపాలి, ఏది మార్చాలి అని మూడు జాబితాలు రాసుకున్నాం. ఇళ్లల్లో ఇటువంటి బండ్లున్న వారికి పనికివస్తాయని చెబుతున్నాను.

తుడవవలసినది రంగు. ముందు నీళ్లు ధారగా కొట్టకుండా, మెత్తని గుడ్డతో దుమ్ము తడిపి తీయాలి. తర్వాత కనపడని చోట ఒక అర చెయ్యంత మేర పాలిషు రాసి చూడాలి. గుడ్డకు నీలం అంటుకుంటే భయపడనక్కరలేదు. అది పైపొరలో చచ్చిన రంగు. దానికింద బతికున్న రంగు ఉంటుంది. మిషను పెట్టకూడదు, చేత్తోనే చేయాలి. అంచుల దగ్గర పొర పలచన, అక్కడ ఆగిపోవాలి. చివర మైనం. మా బానెట్టు మీద ఒక జానెడు మేర ఇలా తుడిచినప్పుడు, సున్నపు తెలుపులోంచి నీలం పైకి వచ్చింది. తాటాకు మీద మసి రాసినట్టే అనిపించింది. క్రోమియం మీది తుప్పు చుక్కలకు అల్యూమినియం రేకు ఉండచుట్టి నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే చాలు.

ఆపవలసినది తుప్పు. వదులుగా రాలేదాన్ని బ్రష్షుతో తీసేసి, మిగిలినదానికి టానిక్ ఆమ్లం ఉన్న మందు పూస్తే అది నల్లబడి గట్టిపడుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు. కరక్కాయ, అన్నభేది కలిపి మన పూర్వులు సిరా చేసుకున్న రసాయనమే ఇది. తలుపుల అడుగున నీరు పోవడానికి చిన్న కంతలుంటాయి. మట్టితో అవి పూడుకుపోతే తలుపు లోపలినుండి కుళ్లుతుంది. సన్నని తీగతో ఏడాదికి రెండుసార్లు పొడవాలి. మా ఎడమ తలుపు తుప్పుకు కారణం అదే. చాసీ లోపలికి మైనం నూనె కొట్టించాం.

మార్చవలసినవి ప్రాణాలకు సంబంధించినవి. బ్రేకు రబ్బర్లు, గొట్టాలు, టైర్లు, కాలిపోయే స్థితికి వచ్చిన వైర్లు. టైరులో గాడి ఉన్నా వయసు మీరితే పనికిరాదు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. పాత రబ్బరును అది తినేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి తట్టుకునేవి వేయాలి. బండిని నెలల తరబడి ఆపితే ట్యాంకు ఖాళీ చేయాలి. ఏళ్లుగా నిలిచిన ఇంజనుకు ఒక్కసారిగా సెల్ఫ్ కొట్టకూడదు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, నాలుగు రోజులు నానబెట్టి, ముందు చేత్తో తిప్పాలి. మార్చిన పాత భాగాలను పారేయకుండా చీటీ కట్టి పెట్టెలో ఉంచాం.

వీటన్నిటికంటే ముందు ఫోటోలు తీసి, మేస్త్రీ చెప్పినదంతా రాసుకున్నాం. ఆయన వయసు ఎనభైకి దగ్గర. నల్ల తలుపును చూసి అది వేరే బండిదని చెప్పగలవారు ఇంకెందరు మిగిలారు? కారుకంటే ముందు ఆ జ్ఞానం పోతుంది. మెరిసే పని ఎప్పుడైనా చేయించుకోవచ్చు. అడగవలసినవి ఇప్పుడే అడగాలి.

అన్నయ్య అన్నిటికీ ఒప్పుకోలేదు. ఎడమ తలుపు అడుగున చేతి వెడల్పు మేర ఇనుము పూర్తిగా పోయింది. అక్కడ కొత్త రేకు అతకవలసిందేనన్నాడు. అతికించాం, దానిమీద మాత్రమే రంగు వేయించాం. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, తెలియనీ అన్నాం. సీట్లు మార్చలేదు. వరద గీత తుడవలేదు. కొత్త ఇంటి కింది అంతస్తులో దానికి చోటు ఉంచమని మేస్త్రీ ఎదుటనే బిల్డరుకు చెప్పాడు అన్నయ్య. కాగితం మీద రాయించుకోమని నేనన్నాను.

కిందటి నెలలో ఒక ఉదయం ఇంజను పలికింది. మొదట రెండు దగ్గులు, తర్వాత పొగ, తర్వాత చిన్నప్పుడు విన్న ఆ సన్నని గరగర. పెద్దమ్మ లోపలినుండి గోడ పట్టుకొని వచ్చింది. వెనకసీటు ఎక్కలేదు, ముందు సీట్లోనే కూర్చుంది. వెనక్కి తిరిగి తన కుట్లు చూసుకొని, "తీసేయలేదా వీటిని? నేను అప్పుడే అన్నాను ఇంకో వరస వేస్తానని, మీ పెదనాన్నే చాల్లే అన్నారు" అంది.

మీ ఇళ్లల్లోనూ ఏ మూలో ఒక పాత కారో, స్కూటరో, కుట్టుమిషనో ఉండే ఉంటుంది. దాన్ని బాగుచేయించడానికి ఎవరినైనా పిలిచేముందు ఒక పూట దాని దగ్గర కూర్చోండి. ఏ గీత ఎప్పటిదో తెలిసిన పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. రాసుకోండి. గుడ్డ పట్టుకునేది ఆ తర్వాత.